చైనాలో డాక్టరు చదువు – మొదటి పది రోజులు

మెడిసిన్ చదవడానికి పిల్లల్ని చైనా పంపుతున్న తల్లులు మన తెలుగు జిల్లాల్లో చాలామందే ఉన్నారు. పెట్టె సర్దడంలో మనకున్న శ్రద్ధ, అక్కడ దిగాక మొదటి పది రోజులు ఎలా గడుస్తాయో తెలుసుకోవడంలో ఉండదు. ఈ వారం ఆ సంగతులే చెప్పుకుందాం. ఉదాహరణకి వుహాన్ నగరాన్ని తీసుకుందాం.

ముందు ఫోను మాట. విశాఖలో విమానమెక్కి, మధ్యలో మారి, వుహాన్‌లో దిగిన అమ్మాయి నుంచి మెసేజ్ రాలేదని దేవుడి గదిలో కూచుని ఏడవకండి. చైనాలో వాట్సాప్, గూగుల్ మామూలుగా పనిచెయ్యవు. అక్కడ అందరూ వాడే వీచాట్‌ని మన ప్రభుత్వం 2020 జూన్‌లో నిషేధించింది. మనది అక్కడ నడవదు, అక్కడిది మనకి నడవదు. అందుకే మన సిమ్ మీదే పది రోజులకి అంతర్జాతీయ రోమింగ్ వేయించి పంపండి. రోమింగ్ డేటా మన దేశపు కంపెనీ మీదుగా వస్తుంది కనుక వాట్సాప్ పలుకుతుంది. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. మనం వంటిల్లు సర్దుకుని రాత్రి పదింటికి ఫోను చేస్తే అక్కడ పన్నెండున్నర. ఏడింటికే చెయ్యండి.

తరవాత కాగితాలు. విదేశీయులు దిగిన 24 గంటల్లో బస ఎక్కడో పోలీసు నమోదు జరగాలి. దీర్ఘకాలం చదువుకి ఇచ్చే ఎక్స్-1 వీసా మీద వెళ్లినవాళ్లు 30 రోజుల్లోగా నివాస అనుమతికి దరఖాస్తు పెట్టుకోవాలి. వైద్య పరీక్షలు కూడా ఉంటాయి. సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు పెట్టె అడుగున కాదు, చేతి సంచిలో ఉండాలి.

ఇక తిండి. కోడి పచ్చడి, నెయ్యి సీసా పెట్టకండమ్మా. మాంసంతో చేసినవి, పాల సరుకులు, పచ్చి కూరలు, పండ్లు చైనా కస్టమ్స్ వాళ్లు రానివ్వరు. అలాగని పిల్ల పస్తుండదు. వుహాన్‌లో పొద్దున్నే వీధి వీధినా 'రెగన్‌మియన్' అమ్ముతారు. ఉడికించిన నూడుల్స్‌లో నువ్వుల ముద్ద కలిపి ఇస్తారు. నువ్వుపప్పు మనకేమైనా కొత్తా? మాంసం తినని పిల్లయితే 'వో చి సు' అనే మూడు ముక్కలు బట్టీ పట్టించండి. నేను శాకాహారిని అని అర్థం. తాగడానికి అక్కడ వేడినీళ్లే అలవాటు. మూత గట్టిగా ఉన్న ఫ్లాస్కు ఒకటి ఇచ్చి పంపండి.

అన్నిటికంటే ముఖ్యమైంది భాష. చైనా భాషలో పలికే తీరు మారితే అర్థమే మారిపోతుంది. 'మా' అని సమంగా సాగదీస్తే అమ్మ, దించి ఎత్తితే గుర్రం, గభాలున దించితే తిట్టడం! పాఠాలు ఇంగ్లీషులోనే కదా, ఈ అవస్థ ఎందుకంటారా? ఆస్పత్రిలో మంచం మీది ముసలమ్మ నొప్పి ఎక్కడో ఇంగ్లీషులో చెప్పదు కదా. అందుకే హెచ్.ఎస్.కె. అనే చైనా భాషా పరీక్షలో నాలుగో స్థాయి దాటనివారికి డిగ్రీ ఇవ్వరని బీజింగ్‌లోని మన రాయబార కార్యాలయం 2022 సెప్టెంబరులో చెప్పింది. డిగ్రీ తెచ్చుకున్నాక ఇక్కడ మరో పరీక్ష ఉంది. 2015 నుంచి 2021 దాకా చైనాలో చదివొచ్చి ఆ పరీక్ష రాసినవారు 40,417 మంది, గట్టెక్కినవారు 6,387 మంది అని కూడా అప్పుడే చెప్పింది. అంటే వందకి పదహారుగురు. అప్పు చేసి పంపే ఇంట్లో ఈ లెక్క ముందే మాట్లాడుకోవాలి.

తెలుగు పిల్లలంతా ఒకే గదిలో చేరి, తెలుగే మాట్లాడుకుని, బజారు పని సీనియరు చేత చేయించుకుంటే మొదటి నెల హాయిగా గడిచిపోతుంది. మూడో ఏడు వచ్చేసరికి నోరు పెగలదు. భాష పట్టుబడేది ఆ మొదటి రోజుల్లోనే, కూరల కొట్టు దగ్గరే. అందుకే రోజూ 'తిన్నావా' అని అడిగాక, 'ఇవాళ కొత్తగా ఏ మాట నేర్చావు? నాకూ చెప్పు' అని అడగండి. పదికి పది రోజులూ అడగండి. అమ్మకి పాఠం చెప్పాలంటే పిల్లలకి హుషారు. బెంగ కూడా కాస్త తగ్గుతుంది. మూడో రోజో నాలుగో రోజో 'వచ్చేస్తానమ్మా' అని ఏడుస్తుంది. మీరూ ఏడిస్తే అటుపక్క ధైర్యం చెప్పేవాళ్లుండరు. వినండి, 'రేపు ఇదే వేళకి చేస్తాను' అని చెప్పి, చెప్పిన వేళకి చెయ్యండి.

పెట్టెలో పెట్టడానికి కందిపొడి:

కందిపప్పు ఒక గ్లాసు, వేయించిన శనగపప్పు అర గ్లాసు, ఎండుమిరపకాయలు పది, జీలకర్ర ఒక చెంచా, ఉప్పు తగినంత. కందిపప్పుని నూనె లేకుండా సన్నటి సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాలి. మిరపకాయలు, జీలకర్ర విడిగా వేయించాలి. పూర్తిగా చల్లారాక శనగపప్పు, ఉప్పు కలిపి పొడి కొట్టి, తడి లేని డబ్బాలో పెట్టాలి. వెల్లుల్లి వెయ్యకపోతే ఎక్కువ రోజులు నిలవ ఉంటుంది. నెయ్యి లేదని బాధ వద్దు. అక్కడ దొరికే నువ్వుల నూనె వేయించిన నువ్వులది, వాసన ఘాటు. వేడన్నంలో అర చెంచా చాలని పిల్లకి చెప్పండి.