గూడెం సరుకుకు దారే ధర

ఆదిలాబాదు వైపు నుండి దిగే సరుకు లారీకి పేట్ బషీరాబాద్ హైదరాబాదు గుమ్మం వంటిది. ఒకప్పుడు 7వ నెంబరు, ఇప్పుడు 44వ నెంబరు అయిన జాతీయ రహదారి మీద నిర్మల్, కామారెడ్డి, మేడ్చల్ దాటి సుమారు 300 కిలోమీటర్లు వచ్చిన బండికి ఇక్కడ ట్రాఫిక్ తప్ప వేరే అడ్డు లేదు. ఈ దూరానికి కిరాయి ఎంతో వర్తకులకు ముందే తెలుసు. ఆ మేరకు లెక్క కట్టుకునే బేరం చేస్తారు. గిరిజన రైతు ధరను కోసేది ఈ 300 కిలోమీటర్లు కాదు. గోండు, కొలాం గూడేల నుండి తారు రోడ్డు వరకు వుండే చివరి మూడు నాలుగు కిలోమీటర్ల మట్టిదారి.

ఈ ఇబ్బంది పంట మారడంతో పెరిగింది. ఇప్పపువ్వు, చింతపండు, తునికాకు వేసవి సరుకులు. అవి చేతికొచ్చే నాటికి వాగులు ఎండి వుంటాయి. నెత్తిన తట్టతోనో, ఎడ్లబండి మీదనో సంతకు చేరుతాయి. పత్తి అలా కాదు. ఏరివేత అక్టోబరులో మొదలవుతుంది, అప్పటికి దారిలో బురద ఆరదు. పైగా పత్తి బరువుకంటె పరిమాణం ఎక్కువైన సరుకు, తట్టలో మోసేది కాదు. ఉట్నూరు, ఇంద్రవెల్లి, జైనూరు, తిర్యాణి ప్రాంతాలలో పత్తి సాగు పెరిగినకొద్దీ వేసవి బాటలతో సరిపెట్టుకునే రోజులు పోయాయి.

దారి ఆరే వరకు పత్తి గుడిసెలో వుంటుంది, తేమ పడుతుంది. భారత పత్తి సంస్థ మద్దతు ధర 8 శాతం తేమకు లెక్క. ఆపైన 12 శాతం వరకు తేమను బట్టి కోత, అది దాటితే కొనుగోలే లేదు. కేంద్రానికి తీసుకుపోయి తిరిగి మోసుకొచ్చేకంటె గుమ్మంలోకి వచ్చిన దళారి టెంపోకు అమ్ముకోవడమే మేలని రైతు భావిస్తే తప్పు పట్టలేము. కాటా దళారిది, తరుగు దళారిది, కిరాయి కోత కూడా దళారి చెప్పిందే. అతనిని తిట్టి ప్రయోజనం లేదు. బురదలో టెంపో దిగబడే నష్టాన్ని కూడా అతను ధరలో వేసుకుంటాడు. రెండో టెంపో రాగల దారి వుంటే పోటీ వస్తుంది, ఆ కోత తగ్గుతుంది.

నష్టం ఒకవైపే కాదు. జూన్, జూలై నెలల్లో ఎరువు బస్తా, ఉప్పు, నూనె అదే దారిన లోపలికి పోవాలి. మోతకు క్వింటాలుకు నూరు రూపాయలు పడుతుందనుకుంటే, పోయే సరుకులో నూరు తరుగు, వచ్చే సరుకులో నూరు అదనం. అమ్మేటప్పుడు చౌక, కొనేటప్పుడు ప్రియం. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఈ రెండు వైపుల దోపిడీని అరికట్టడానికే పుట్టింది. 1979లో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపారాన్ని చట్టం ఆ సంస్థకు అప్పగించింది. కాని డిపో రోడ్డు పక్కన వుండి, గూడెం వాగు అవతల వుంటే చట్టం కూడా వాగు దాటదు.

ఉత్తర కెనడాలో ఆదివాసుల మారుమూల ఊళ్లకు దీనికి తలకిందులైన ఇబ్బంది. అక్కడ చలికాలంలో నదులు, సరస్సులు గడ్డకట్టినపుడే మంచు మీద లారీలు నడుస్తాయి. మిగతా కాలం సరుకు విమానంలో పోవాలి. అందుకు 2011 నుండి ఒక రవాణా రాయితీ పథకం అమలులో వున్నది. అయితే రాయితీ అంతా కొనుగోలుదారుకు చేరుతున్నదని ప్రభుత్వం నిర్ధారించుకోలేకపోయిందని 2014లో అక్కడి ఆడిటర్ జనరల్ తేల్చారు. కిరాయికి ఇచ్చే డబ్బు మధ్యలో నిలిచిపోవచ్చు. కల్వర్టు అలా కాదు, కట్టిన చోటనే వుంటుంది.

ఇక్కడి పథకాలకు లోటు లేదు, లోటు లెక్కలో వున్నది. 2000లో వచ్చిన గ్రామ సడక్ యోజన మైదానంలో 500 జనాభాకు, గిరిజన ప్రాంతంలో 250 జనాభాకు గీత గీసింది. తర్వాత కొన్ని జిల్లాలకు, 2023 నాటి జన్‌మన్ పథకంలో కొలాం, తోటి వంటి తెగలకు 100కు దించారు. గోండులు ఆ తెగల జాబితాలో లేరు. ఇరవై ముప్పై ఇళ్ల గోండు గూడెం ఏ పద్దులోకి రావాలన్నది అధికారులు తేల్చవలసిన విషయం.

అడవి శాఖ అనుమతి పేరుతో ఆగే పనులకు కూడా మార్గం కలదు. 2006 అటవీ హక్కుల చట్టం మూడవ సెక్షను, గ్రామసభ సిఫారసు మీద ఒక హెక్టారు లోపు అడవి భూమిని రోడ్డుకు ఇవ్వవచ్చునన్నది. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టరాదు. ఐదు మీటర్ల వెడల్పు బాటకు హెక్టారు అంటే రెండు కిలోమీటర్లు. చాలా గూడేల చివరి ముక్కకు ఆ వెసులుబాటు పనికివస్తుంది.

రోడ్డు వస్తే బయటివారు వస్తారు, భూములు పోతాయి అన్న భయం ఉత్తది కాదు. ఆదిలాబాదు గోండుల మధ్య పనిచేసిన హైమెన్‌డార్ఫ్ 1982 నాటి గ్రంథంలో భూములు చేతులు మారిన తీరును వివరంగా రాశారు. అందుకు విరుగుడు దారి ఆపడం కాదు, 1970 నాటి 1/70 నిబంధనను గట్టిగా అమలు జరపడం. దారి లేని గూడెంలో కూడా దళారి వున్నాడు. లేనిది అతనికి పోటీ.

కేస్లాపూర్ నాగోబా జాతర దర్బారులో రోడ్ల అర్జీలు కొత్త కాదు. వాటికి సమాధానంగా తారు వేసిన కిలోమీటర్లు చదివితే చాలదు. ఏడాదిలో లోడు బండి నడిచిన రోజులెన్నో చెప్పాలి. ముందు వాగుల మీద కల్వర్టులు, తర్వాత సంత దగ్గర గోదాము, కాటా, తేమ కొలిచే మీటరు, ఆ తర్వాతే తారు. ఈ వరుసలో పని జరిగితే పేట్ బషీరాబాద్ దాటే లారీలో గూడెం రైతు వాటా కొంతైనా పెరుగుతుంది.