గాయం మానినా నొప్పి ఎందుకు?

కాలికి తగిలిన దెబ్బ ఎప్పుడో మానిపోయినా, "ఇంకా నొప్పి పోలేదు" అని ఇంట్లో అమ్మమ్మ అంటే నటన అనుకోకండి. నొప్పి ఎక్కువ కాలం వేధిస్తే వెన్నుపాములో, మెదడులో నరాల మధ్య సంబంధాలు బలపడి, అది జ్ఞాపకంలా నిలిచిపోవచ్చు.

ఎలక్ట్రో ఆక్యుపంక్చర్‌లో సన్నని సూదులు గుచ్చి, వాటికి స్వల్పంగా విద్యుత్తు అందిస్తారు. సెకనుకు 2 సార్లు ఇస్తే ఎన్‌కెఫలిన్, 100 సార్లు ఇస్తే డైనార్ఫిన్ అనే నొప్పి తగ్గించే పదార్థాలు శరీరంలోనే విడుదలవుతాయని చైనా శాస్త్రజ్ఞుడు హాన్ జిషెంగ్ బృందం చూపింది. నొప్పి జ్ఞాపకంపై దీని ప్రభావాన్ని మాత్రం ఎక్కువగా ఎలుకలలోనే పరీక్షించారు. కనుక ఆ జ్ఞాపకాన్ని పూర్తిగా తుడిచివేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

గుండెకు పేస్‌మేకర్ అమర్చినవారు ఈ చికిత్సకు దూరంగా ఉండాలి. మిగిలినవారు డాక్టరును అడిగి, శిక్షణ పొందినవారి వద్దనే, కొత్త సూదులతోనే చేయించుకోవాలి. అన్నిటికంటే ముందు, ఆమె మాట నమ్మండి.