గృహిణీ ధర్మములు: నెలనెలా వచ్చు కిస్తులు



నెల మొదటి తేదీన ఇంటికి జీతము వచ్చును. ఐదవ తేదీన ఇంటి అప్పు కిస్తి, ఏడవ తేదీన బండి కిస్తి, పదవ తేదీన సంఘము కిస్తి, ఆపై కరెంటు బిల్లు, పాలవాని లెక్క, కిరాణా దుకాణము ఖాతా, పిల్లల ఫీజు. నెల సగము గడవక పూర్వమే చేతిలోనిది చెల్లిపోవును. తక్కిన సగము నెలయు రాబోవు ఒకటవ తేదీకై ఎదురుచూచుచు గడుపుచుందుము. ఫోను మ్రోగినచో గుండె ఝల్లుమనును. వాకిట చుట్టము కనబడినచో రమ్మను మాట నోటికి రాకముందే డబ్బాలో చక్కెర యున్నదా యను చింత మనసున పుట్టును.

ఈ నెల మన శీర్షికయందు ఈ సంగతినే ముచ్చటింపదలచితిని. ఇందు పరులకు బోధించుటకంటె నా పొరపాటును నేను చెప్పుకొనుటయే ఎక్కువగా నుండును. పెద్దలు మన్నింతురు గాక.

భారతమున ఆరణ్యపర్వమందు యక్షుడు ధర్మరాజు నడిగిన ప్రశ్నలలో సుఖవంతు డెవ్వడను ప్రశ్న యొకటి కలదు. ధర్మరాజు ప్రత్యుత్తరములో ధనము ప్రసక్తి లేదు. అప్పు లేకుండుట, ఇల్లు విడిచి పరదేశమున నుండవలసిన అగత్యము లేకుండుట, ప్రొద్దుపోయిన పిమ్మట నైనను తన యింట కూర వండుకొనుట యనునవే అతడు చెప్పిన లక్షణములు. మా నాన్నగారి యొద్ద ఈ ఘట్టము చదువునాటికి నాకు పదునాలుగేండ్లు. అప్పుడు వల్లె వేసితినే కాని భావము పట్టుబడలేదు. కాపురము చేసిన పిమ్మట పట్టుబడినది.

అప్పు మా ప్రాంతమునకు క్రొత్త గాదు. మా మోత్కూరు చిరకాలము నల్లగొండ జిల్లాలో నుండి 2016లో యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. నిజాము కాలమున ఈ మెట్టపొలముల రైతు వానలు లేని యేట గింజలు అప్పుతెచ్చి, పంట చేతికి వచ్చినంతనే ఒకటికి ఒకటిన్నరగా కొలుచుచుండెను. దానినే నాగు అనెడివారు. వడ్డీ వ్యాపారుల నదుపు చేయుటకు హైదరాబాదు సంస్థానమున 1349 ఫసలీలో, అనగా 1939-40 ప్రాంతమున, ఒక చట్టమే చేయవలసివచ్చినది. ఆ బాధ ఘోరమైనదే. కాని ఆనాటి అప్పు పంటకాలమున కళ్లము వద్దకు వచ్చెడిది. నేటి అప్పు ఏడాదికి పండ్రెండు మారులు వచ్చును. వారపు కిస్తియైనచో ఏబది మారులకు తక్కువ గాదు. గిరిగిరి వానియొద్ద తెచ్చినచో దినదినము వచ్చును. కావున మన మనసునకు విశ్రాంతి దినమే లేకున్నది.

ఇక నా సంగతి. మూడేండ్ల క్రిందట మా తమ్మునకు ప్రత్తి పంట పోయినది. పుట్టింటి కష్టము చూడలేక, నా రెండు తులముల గాజులు ఊరిలో నొకరియొద్ద కుదువబెట్టి 60,000 రూపాయలు తెచ్చి యిచ్చితిని. మిత్తి నూటికి నెలకు రెండు రూపాయలు. ఈ మాట మావారితో చెప్పలేదు. గాజు లేవని అడిగిననాడు బీరువాలో భద్రముగా నున్నవని చెప్పితిని. నెలకు 1,200 రూపాయలు ఇంటి ఖర్చులోనుండి మిగిల్చి కట్టుచు వచ్చితిని. ఆ మిగుల్చుట యెట్లనగా, కిరాణా దుకాణమున ఉద్దెర పెంచుట, పాల లెక్క వెనుకకు త్రోయుట, పొరుగింటి వారియొద్ద చేబదులు తెచ్చుట. రాత్రులు నిద్ర పట్టెడిది కాదు. పిల్లలపై అకారణముగా కసరుకొనుచుంటిని. మావారు నాకు రక్తము తక్కువైనదేమో యని మందులు తెచ్చిరి.

ఒకనాడు మా ప్రక్కయింటి చెల్లెలు వచ్చి, "అక్కా, రేపు మా గ్రూపు కిస్తి. పదిహేను వందలు సర్దుతవా?" అని యడిగినది. ఆమె పేరిట మూడు చోట్ల అప్పులు. మొదటిదాని కిస్తికై రెండవది, రెండవదాని కిస్తికై మూడవది తెచ్చినదట. నా చేత నూరు రూపాయలు కూడ లేవు. లేవని చెప్పితిని. ఆమె నా మాట నమ్మలేదు. "సారు జీతం వస్తది గద అక్కా" అని కన్నీళ్లతో వెడలిపోయినది. ఆమె యప్పులు ఆమె దాచినది, నా యప్పు నేను దాచితిని. ఇద్దరము ఒకే గోడకు చెరియొక ప్రక్క కూర్చుండి ఒకే దుఃఖమును వేర్వేరుగా అనుభవించుచుంటిమి గదా యని ఆ రాత్రి తోచినది.

మరునాడు ఆదివారము. పిల్లలు ఆటకు పోయిన సమయమున మావారితో అంతయు చెప్పివేసితిని. ఆయన చాలసేపు మాటాడలేదు. పిదప, "మిత్తికి పోయిన సొమ్ము పోయినది. నాతో చెప్పకుంటివే, అదే కష్టముగా నున్నది" అనిరి. అటుపిమ్మట లెక్కల మాస్టరు గనుక తెల్లకాగితము, పెన్సిలు తీసికొని కూర్చుండిరి.

ఆ కాగితముపై తేలిన లెక్కను సిగ్గువిడిచి ఇచట వ్రాయుచున్నాను. చేతికి వచ్చు జీతము 42,000. ఇంటి అప్పు 13,800, బండి 2,700, సంఘము 2,200, నా గాజుల మిత్తి 1,200. అప్పులకే 19,900 పోవుచున్నది. చిట్టి 5,000. మిగులునది 17,100. కిరాణా 6,800, పాలు 1,800, కూరగాయలు 2,000, పిల్లల ఫీజు, బండికూలి 4,500, కరెంటు, గ్యాసు, ఫోను కలిపి 2,000, అత్తగారి మందులు 1,500. మొత్తము 18,600. అనగా నెలకు 1,500 తక్కువ. మా యింటి అశాంతికంతకును మూలము ఈ పదునైదు వందలే! మనసులో నున్నంతకాలము అది కొండవలె నుండెను. కాగితముపైకి వచ్చినంతనే అంకె యైనది. అంకెతో పెనుగులాడుటకు ఉపాయము లుండును.

మొదట మిత్తిని చూచితిమి. నూటికి రెండనగా చిన్నదిగా వినబడును. ఏడాదికి నూటికి 24 రూపాయలు. మూడేండ్లలో నేను కట్టినది 43,200. అసలు 60,000 చెక్కుచెదరలేదు. మావారు ఆ వారములోనే ఆ బాకీ తీర్చి, గాజులను బ్యాంకుకు మార్చిరి. అక్కడ ఏడాదికి నూటికి 9 చొప్పున దొరకినది. ఏడాదికి 14,400 పోవుచోట 5,400 పోవును. నెలకు 750 మిగిలినది. ఉద్దెర మాని రొక్కమునకు కొనుటచేత కిరాణాలో మరి 500 తగ్గినది. తక్కిన 250 నా చీరల వాయిదా కొనుగోలు మానుటచే చేరినది.

మిత్తి చెప్పు తీరునందు మరియొక మాయ కలదు. 12,000 రూపాయలు ఏడాదికి నూటికి 12 చొప్పున తెచ్చి, నెలకు 1,120 వంతున పండ్రెండు కిస్తులు కట్టుమందురు. కిస్తికిస్తికి అసలు తగ్గుచున్నను మిత్తి మాత్రము మొదటి 12,000 పైననే లెక్కింతురు. నిజమునకు అది ఏడాదికి నూటికి 21 దాటును. కావున అప్పు తెచ్చునపుడు "మిత్తి తగ్గుచున్న అసలుపైనా, మొత్తముపైనా? అంతయు కలిపి నేను కట్టునదెంత?" యని యడుగుడు. వ్రాతపూర్వకముగా నడుగుడు. అడుగుట అవమానము గాదు.

నా పొరుగు చెల్లెలి కష్టము ఆమె యొక్కతెదే కాదు. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున చిన్న అప్పుల కంపెనీలు ఒకరిపై నొకరు పోటీపడి గ్రామములందు స్త్రీలకు అప్పు లిచ్చినవి. వారపు కిస్తి కట్టలేనివారి యిండ్ల ముందు గుంపుగా కూర్చుండి వసూలు చేసిన సంగతులును, ఆత్మహత్యల వార్తలును నాడు పత్రికలను నింపినవి. ఆ అక్టోబరు నెలలో ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి, పిమ్మట చట్టము చేసినది. బలవంతపు వసూళ్లను నిషేధించి, గ్రామపంచాయతీ కార్యాలయము వంటి బహిరంగస్థలముననే నెలవారి కిస్తులు పుచ్చుకొనవలెనని విధించినది. రిజర్వు బ్యాంకు అదుపులోని సంస్థలకు ఆ చట్టము చెల్లదని 2023లో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పినది. ఐనను 2022లో రిజర్వు బ్యాంకు చేసిన నియమములు అట్టి సంస్థలకు కలవు. ఏడాదికి 3 లక్షలకు మించని ఆదాయము గల కుటుంబములకు హామీ లేక యిచ్చు అప్పులలో, అన్ని కిస్తులును కలిసి కుటుంబపు నెల ఆదాయములో సగము దాటరాదు. ఉదయము 9 గంటలకు ముందును, సాయంత్రము 6 గంటల తరువాతను వసూలుకై ఫోను చేయరాదు. దూషింపరాదు, బెదరింపరాదు. ముందుగా తీర్చివేసినచో జరిమానా వేయరాదు. మొదట ఆ సంస్థకే వ్రాసి ఫిర్యాదు చేయవలెను. ముప్పది దినములలో న్యాయము జరుగనిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ యొద్దకు పోవచ్చును. వివరములకు 14448 నంబరు. ఈ మాటలు మా చెల్లెలికి నేనే చదివి వినిపించితిని.

ఫోనులోని యాప్‌లద్వారా నిమిషములో దొరకు అప్పులజోలికి మాత్రము పోకుడు. 2020 డిసెంబరులో అట్టి యాప్‌ల వేధింపులపై హైదరాబాదున పోలీసులు పలువురిని పట్టుకొనిరి. రిజర్వు బ్యాంకు ప్రజలను హెచ్చరించినది. మీ ఫోనులోని బంధువుల నంబర్లను దొంగిలించి మీ పరువును బజారున పెట్టుటయే వారి వసూలు తీరు.

నా అనుభవమునుండి మీకు మనవి చేయునవి ఇవి. మొదటిది: అప్పులు, బిల్లులు, తేదీలు అన్నియు ఒక్క కాగితముపై వ్రాసి, భార్యాభర్త లిద్దరును చూచుచోట, బియ్యపు డబ్బా పైగోడకు అంటింపుడు. రెండవది: జీతము వచ్చిన దినముననే కిస్తుల సొమ్మును వేరుచేయుడు. మిగిలినదే మన జీతమని తలచుడు. జూనులో వచ్చు పిల్లల ఫీజు, ఏడాది కొకసారి వచ్చు ఇంటిపన్ను, బీమా మున్నగు వానిని పండ్రెండుగా భాగించి నెలనెల ప్రక్కన నుంచుడు. మూడవది: అప్పు తీర్చుటకై అంతకంటె హెచ్చు మిత్తికి అప్పు తేకుడు. చేతిలో నాలుగు రూపాయలు మిగిలినచో హెచ్చు మిత్తి గల బాకీనే ముందు తీర్చుడు. నాలుగవది: కట్టలేని నెల వచ్చునని తెలిసినచో తేదీ దాటక ముందే బ్యాంకు మేనేజరును గాని, సంఘము లీడరును గాని కలిసికొని చెప్పుడు. తేదీ మార్పుటయో, గడువు పెంచుటయో అడుగవచ్చును. తలుపు వేసికొని దాగినవారికి ఏ దారియు దొరకదు.

ఇక కరెంటు బిల్లు. అర్హత గల యిండ్లకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచితమను పథకము 2024 మార్చి నుండి మన రాష్ట్రమున వచ్చినది. పరిమితి దాటిన నెల మొత్తము బిల్లు కట్టవలసి వచ్చును. కావున ఆ సౌకర్యము గలవారు నెల మధ్యలో నొకసారి మీటరు చూచుకొనుట మంచిది. మా యింట ఎవరులేని గదిలో ఫాను ఆపు పనిని చిన్నవానికి అప్పగించితిమి. వాడు మమ్ములనే మందలించుచున్నాడు.

చివరి మాట చెప్పక తీరదు. అప్పు బాధచే ప్రాణము తీసికొనవలెనన్న తలపు ఏ సోదరికైనను వచ్చినచో, ఆ క్షణముననే ఒక మనిషితో చెప్పుకొనుడు. ఇంటిలో చెప్పలేనిచో 14416 నంబరుకు ఫోను చేయుడు. మనసు కష్టముల నాలకించుటకై ప్రభుత్వము పెట్టిన సేవ యది. మన తెలుగులోనే మాటాడవచ్చును. గాజులు పోయినచో మరల వచ్చును. పరువు కొంత తగ్గినను మరల నిలుచును. తల్లి పోయిన పిల్లలకు ఎవరు గడువు పెంచి యీయగలరు?

మా చిట్టి తీరుటకు ఇంక ఎనిమిది నెలలు కలవు. అది చేతికి వచ్చినపుడు గాజులు విడిపించవలెనని అనుకొన్నాము. అంతవరకు మట్టిగాజులే. మొన్న ప్రక్కయింటి చెల్లెలు తన కాగితము వ్రాసికొని వచ్చి, "అక్కా, కూడి పెట్టు" అన్నది. ఇద్దరమును అరుగుపై కూర్చుండి కూడితిమి. ఆమెకు నెలకు 2,300 తక్కువ వచ్చినది. ఈ వారము ఆమె పెనిమిటితోను మాటాడవలసి యున్నది. నేనును తోడుగా వత్తునని మాట యిచ్చితిని.