మునిగిన ఊరు, అడిగిన మాట



పెళ్ళయి ఇరవై ఎనిమిదేళ్ళయినా నేనూ మా ఆయనా కలిసి ఊరు దాటింది పెళ్ళిళ్ళకు, చావులకు, ఆసుపత్రులకే. ఈ ఏడు శనగ నూర్పిళ్ళు అయ్యాక ఒకనాడు ఆయన, "బెలుం గుహలు, గండికోట చూసొద్దాం పా" అన్నాడు.

గండికోట పేరు వినగానే నా గుండె కలుక్కుమంది. నా పుట్టినూరు కొండాపురం మండలంలో ఉండేది. 2020లో గండికోట జలాశయం నింపినప్పుడు మునిగిపోయింది. మా అమ్మ సమాధి కూడా ఆ నీళ్ళలోనే ఉంది. నేను ఏడ్చినప్పుడల్లా ఆయన, "పరిహారం వచ్చింది కదా, ఇంక మరిచిపో" అనేవాడు. దాంతో ఆయన ముందు ఏడవడమే మానేశాను. పాడి, పంట, అప్పులు, ఈ మాటలే ఇంట్లో మిగిలాయి.

జొన్నరొట్టెలు, బుడ్డల పొడి కట్టుకొని తెల్లవారకముందే మోటారు సైకిలు మీద బయలుదేరాము. బనగానపల్లె దాటాక అవుకు జలాశయం దగ్గర కాసేపు ఆగాము. శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, గోరకల్లు మీదుగా వచ్చే కృష్ణా నీళ్ళు ఇక్కడికి చేరి, కొండలో తొలిచిన సొరంగం గుండా గండికోటకు పోతాయి. "మీ ఊరి మీదికి పోయిన నీళ్ళు ఇవే" అన్నాడాయన. నేను మాట్లాడలేదు.

కొలిమిగుండ్ల దగ్గరే బెలుం. చదునైన చేలల్లో బావుల్లాంటి గుంతలే పైకి కనిపిస్తాయి. మెట్లు దిగితే లోపల మరో లోకం! మన ఇళ్ళలో పరిచే నాపరాయి సున్నపురాయే కదా, ఈ గుహలూ సున్నపురాతివే. వాన నీరు బొగ్గుపులుసు వాయువును కలుపుకొని సందుల్లోకి దిగి, ఎన్నో వేల ఏళ్ళు రాయిని కొంచెం కొంచెంగా కరిగించుకుంటూ పోయిందట. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఈ గుహల సంగతి రాశాడు. 1982, 1983లలో జర్మనీ నుంచి గెబావర్ బృందం వచ్చి లోపలంతా పరిశీలించింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. 2002 నుంచి జనాన్ని రానిస్తున్నారు. మనం చూడగలిగేది సుమారు కిలోమీటరున్నర. ఉక్కపోతగా ఉంటుంది. పాతాళగంగ దగ్గరికి దిగేటప్పుడు ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. అన్నేళ్ళలో నలుగురి ముందు అదే మొదటిసారి.

అక్కడి నుంచి జమ్మలమడుగు చేరి, ఇంకో 15 కిలోమీటర్లు పోయి గండికోటలో అడుగుపెట్టేసరికి పొద్దు వాలుతోంది. పెమ్మసాని నాయకులు ఏలిన కోట ఇది. మాధవరాయ ఆలయం, జుమ్మా మసీదు, పాత ధాన్యాగారం చూసుకుంటూ లోయ అంచుకు నడిచాము. ఎర్రమల కొండలను పెన్న కోసుకుంటూ పోయిన గండి అది. ఇటుకలు పేర్చినట్టు ఎర్రని బండలు, ఎక్కడో అడుగున నీళ్ళు. గండి ఉన్నందుకే గండికోట అయ్యింది.

ఒక బండ మీద కూర్చున్నాము. చాలాసేపటికి ఆయన, "అమ్మ సమాధి ఏ దిక్కున ఉంటుంది?" అని అడిగాడు.

నేను పడమటి వైపు చూపించాను. ఇక ఆగలేకపోయాను. సమాధి పక్కనున్న వేపచెట్టు, నాన్న పేరు చెక్కించిన నాపరాయి, అమ్మ జొన్నలు విసురుతూ పాడే పాటలు, అన్నీ చెప్పాను. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. చివరికి, "పరిహారం మాట నేను అనకుండా ఉండాల్సింది" అన్నాడు.

ఆ నీళ్ళతో తడిసే పొలాలున్నాయి, ఆ నీళ్ళు తాగే ఊళ్ళున్నాయి. కరువు సీమలో పుట్టినదాన్ని, నీటి విలువ నాకు తెలుసు. అయినా అమ్మ సమాధి అమ్మ సమాధే. ఈ రెండూ నిజమేనని ఇంట్లో ఒక మనిషి ఒప్పుకుంటే చాలు, గుండె బరువు సగం దిగుతుంది.

సోదరులారా, మీ ఇంటి ఆడమనిషి చెప్పుకోవడం మానేసిన బాధ ఏదైనా ఉందేమో చూడండి. సోదరీమణులారా, వాళ్ళు ఆలస్యంగా అడిగినా చెప్పండి. దానికి దూరం పోనక్కరలేదు, చేను గట్టు చాలు. కానీ వీలైతే చలికాలంలో ఒక్కరోజు ఈ దారిన వెళ్ళి రండి. నీళ్ళు వెంట తీసుకుపోండి. లోయ అంచున పిల్లల చెయ్యి వదలకండి, మీ చేతులు కూడా.