ఆ పిల్ల వయసెంతో మీకు తెలుసు

తెలియదని మాత్రం అనకండి.

పక్క పోర్షన్‌లో ఉండే ఆ పిల్ల నిరుటిదాకా యూనిఫాం వేసుకుని మీ గేటు ముందునుంచే బడికి పోయింది. ఇప్పుడు కడుపుతో మెట్లెక్కలేక మధ్యలో ఆగుతోంది. ఆ పిల్ల వయసెంతో మీకు తెలుసు. మీ అమ్మాయికంటే ఒక క్లాసు కింద చదివింది కాబట్టి తెలుసు. పెళ్లికి పిలిస్తే పోయి, అక్షింతలు వేసి, భోంచేసి వచ్చారు కాబట్టి తెలుసు.

ఒక్కరైనా నోరు విప్పారా?

"మనకెందుకులే" అన్నారు. "వాళ్లింటి విషయం" అన్నారు. "పేదోళ్లు, ఆడపిల్లను ఎన్నాళ్లని ఇంట్లో పెట్టుకుంటరు" అన్నారు.

మీ పిల్లను మీరు పెట్టుకున్నారు కదా? చదివించుకుంటున్నారు కదా? మీ పిల్లకు పదహారేళ్లంటే పసితనం. ఆ పిల్లకు పదహారేళ్లంటే పెళ్లీడు ఎట్లా అయింది?

ఇదంతా రోడ్డు లేని ఏ తండాలోనో జరుగుతుందనుకుంటే మనకు నిద్ర బాగా పడుతుంది. కానీ ఒక్కసారి హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా నడిచి చూడండి. కాంప్లెక్సుల గోడల నిండా ర్యాంకులు తెచ్చుకున్న ఆడపిల్లల ఫొటోలు. వాటి వెనక సందుల్లో, ఇంకా కడుతున్న అపార్టుమెంట్ల సెల్లార్లలో, వాచ్‌మన్ గదుల్లో అదే ఈడు పిల్ల చంకన బిడ్డతో కనపడుతుంది. నల్గొండ నుంచో, దేవరకొండ నుంచో, పాలమూరు నుంచో పని వెతుక్కుంటూ వచ్చి, పొద్దున్నే లేబర్ అడ్డా మీద నిలబడేవాళ్ల పిల్ల. మన ఇళ్లు కట్టింది వాళ్ల నాన్న. మన గిన్నెలు తోముతున్నది వాళ్లమ్మ.

పేదవాళ్ల సంగతేలే అని కూడా తప్పించుకోకండి. ఇంటర్ చదివే పిల్లకు నెల తప్పితే రాత్రికి రాత్రి కారెక్కించి, ఊరి అవతలి నర్సింగ్ హోమ్‌లో పని ముగించి, చుట్టాలకు అపెండిక్స్ ఆపరేషన్ అని చెప్పే ఇళ్లు కూడా మన కాలనీల్లోనే ఉన్నాయి. ఆ పిల్లతో ఆ తర్వాత ఎవరైనా ఒక్క మంచి మాట మాట్లాడారా? ఆ రాత్రి ఎంత భయపడ్డావని అడిగారా?

లెక్కలు కావాలా? ఉన్నాయి. 2019-21లో చేసిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తెలంగాణలో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. అంటే దాదాపు నలుగురిలో ఒకరికి. 15 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో 5.8 శాతం మంది అప్పటికే తల్లులు, లేదా గర్భిణులు. ఆంధ్రప్రదేశ్‌లోనైతే 12.6 శాతం. అక్కడ అంతకుముందు సర్వేలో 11.8 ఉండేది. మెట్రోలు వచ్చాయి, ఫ్లైఓవర్లు వచ్చాయి, చేతికో ఫోను వచ్చింది. అక్కడ ఆ అంకె మాత్రం పెరిగింది.

తెలంగాణలో తక్కువే కదా అంటారా?

యాభై మంది ఆడపిల్లలున్న క్లాసులో దాదాపు ముగ్గురు. హాజరు పట్టీలోంచి ఆ ముగ్గురి పేర్లు కొట్టేశారు. అందుకే మీకు కనపడటం లేదు.

కనపడాలంటే ఏ సర్కారు ఆసుపత్రి ప్రసూతి ఓపీ దగ్గరైనా ఒక పొద్దుట నిలబడండి. లైనులో ఒక పిల్ల ఉంటుంది. మెడలో పసుపుతాడు. భుజాన పాత బడి సంచీ, జిప్పు మీద బొమ్మ సగం చెరిగిపోయి ఉంటుంది. స్కానింగ్ కాయితాలు పెట్టుకోవడానికి ఇంట్లో వేరే సంచీ లేదు. "వయసెంత?" అని నర్సు అడుగుతుంది. పిల్ల నోరు తెరిచేలోపే వెనకనుంచి అత్త అంటుంది: "పంతొమ్మిది రాయుండ్రి మేడం." పిల్ల తల్లి ముఖంలోకి చూస్తుంది. తల్లి తల తిప్పుకుంటుంది. నర్సు ఒక్క క్షణం పెన్ను ఆపుతుంది. వెనక లైను పెరుగుతోంది.

19 అని రాస్తుంది.

అంతే. ఆ అంకెతో ఒక నేరం కాయితం మీద మాయమైపోయింది. నర్సుకు తెలుసు. డాక్టరుకు తెలుసు. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తకు తెలుసు. లైనులో ఉన్న ప్రతి ఆడమనిషికీ తెలుసు. ఎవరూ ఏమీ అనలేదు.

అనకపోతే ఏమవుతుందో వినండి.

పదిహేను, పదహారేళ్ల పిల్ల ఇంకా ఎదుగుతోంది. కటి ఎముకలు ఇంకా పూర్తిగా ఎదగలేదు. కాన్పు అడ్డం తిరిగితే గంటలకొద్దీ నొప్పులు పడుతుంది. మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. గర్భిణి రక్తంలో ఉండాల్సిన హిమోగ్లోబిన్ కనీసం 11 గ్రాములు. ఏడో ఎనిమిదో గ్రాములతో కాన్పుకు పోయిన పిల్లకు రక్తస్రావం మొదలైతే ఆపడానికి ఎంత సమయం ఉంటుంది? ఇరవై దాటిన తల్లులకంటే ఈ పిల్లలకే బీపీ పెరిగి ఫిట్స్ రావడం, కాన్పు తర్వాత గర్భసంచికి ఇన్ఫెక్షన్ సోకడం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూనే ఉంది. వీళ్లకు పుట్టే బిడ్డలు నెలలు నిండకముందే పుట్టడం, రెండున్నర కిలోలు కూడా లేకుండా పుట్టడం ఎక్కువని చెబుతూనే ఉంది. ప్రపంచంలో ఆ వయసు ఆడపిల్లల ప్రాణాలు తీసే ప్రధాన కారణాల్లో గర్భం, కాన్పు ఉన్నాయని చెబుతూనే ఉంది.

విన్నారా? వింటే మీరేం చేశారు?

మనం చేసింది నేను చెబుతాను. తొమ్మిదో తరగతిలో పిల్ల బడి మానేస్తే ఎందుకని అడగలేదు, టీసీ తీసుకోవడానికి తండ్రి వస్తే కాయితం చేతిలో పెట్టి పంపించాం, ఆధార్‌లో పుట్టిన సంవత్సరం మార్పించుకుంటున్నారని తెలిసీ ఊరుకున్నాం, ఫంక్షన్ హాలు అద్దెకిచ్చిన ఆయన డబ్బు లెక్కపెట్టుకున్నాడు గానీ పెళ్లికూతురి వయసు అడగలేదు, తాళి కట్టించిన పంతులు అడగలేదు, నికా చదివిన ఖాజీ అడగలేదు, ఫొటోలు తీసినవాడు ఆ పిల్ల ఏడుపు కనపడకుండా ఇటు చూడమ్మా అన్నాడు, నెల తప్పిందని తెలియగానే అత్తగారు మిఠాయి పంచింది, పంచిన మిఠాయి మనం తిన్నాం, పెళ్లి చేసుకుంటానని నమ్మించి కడుపు చేసి ఊరొదిలి పోయినవాడి ఇంటికి పెద్దమనుషులు పోయి పంచాయితీ పెట్టి, పిల్లను వాడికే కట్టబెట్టి పరువు నిలబెట్టామన్నారు, పెళ్లి కాని పిల్లైతే మెడికల్ షాపువాడు చీటీ అడగకుండా గర్భం పోయే మాత్రలు కాగితంలో చుట్టి ఇచ్చాడు, ఎన్నో నెలో అడగలేదు, ఆ మాత్రలు మింగిన పిల్ల హాస్టల్ బాత్రూంలో రక్తంలో కూలబడితే వార్డెన్ అంబులెన్సుకంటే ముందు వాళ్ల నాన్నకు ఫోన్ చేసింది, కాలేజీ ఆ పిల్లను తీసేసింది, అదే పని చేసిన మగపిల్లవాడు అదే కాలేజీలో పరీక్ష రాశాడు, రక్తం కావాలని ఆ పిల్ల అమ్మ బ్లడ్ బ్యాంకు చుట్టూ తిరుగుతుంటే మనం ఆ పిల్ల నడత గురించి మాట్లాడుకున్నాం, బిడ్డ బరువు తక్కువగా పుట్టి నీలోఫర్ ఆసుపత్రిలో ఉంటే ఇంటికొచ్చిన ఆ పిల్లకు తిండి పెట్టేది ఎవరని అడగలేదు, ఏడాది తిరక్కుండానే మళ్లీ కడుపొస్తే దేవుడిచ్చాడన్నాం, కాన్పులో పోతే తలరాత అన్నాం.

తలరాత కాదు. ఒక్కొక్క మెట్టు దగ్గరా ఒక్కొక్క పెద్దమనిషి పక్కకు జరిగి దారిచ్చాడు.

చట్టం లేదా? ఉంది. 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం ఉంది. చిన్నపిల్లను పెళ్లాడిన పెద్ద మగవాడికీ, ఆ పెళ్లి జరిపించినవాడికీ రెండేళ్లదాకా జైలు, లక్షదాకా జరిమానా పడొచ్చు. పిల్ల బాధ్యత ఉన్న పెద్దలు ఆ పెళ్లిని ఆపకపోవడమూ, అందులో పాల్గొనడమూ నేరమే. 2012 పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిది నిండని పిల్ల ఒప్పుకుందన్న మాటే చెల్లదు. భార్య అయినా సరే, పద్దెనిమిది నిండకపోతే అది అత్యాచారమేనని 2017 అక్టోబరు 11న సుప్రీంకోర్టు తేల్చింది. కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ పథకాల కింద లక్షా నూట పదహారు రూపాయలు కూడా పద్దెనిమిది నిండితేనే ఇస్తారు.

ఇన్ని చట్టాలు మన చేతికిచ్చారు. వాటిని వాడాల్సిన చేతులు మనవే కదా?

ఆ పిల్లకు కడుపు చేసిన మగవాడు ఎక్కడ? ఈ మొత్తం కథలో వాడి పేరు ఎవరైనా ఎత్తారా? పిల్ల ఫోన్ వెతికారు, పుస్తకాలు వెతికారు, స్నేహితురాళ్లను నిలదీశారు. వాడి వయసెంత, వాడేం చేస్తున్నాడు, ఇంకో పిల్ల వెంట పడుతున్నాడా అని ఒక్కరైనా అడిగారా? గర్భం ఆ పిల్ల ఒక్కతే తెచ్చుకుందా?

1897లో కన్యాశుల్కం నాటకం అచ్చయినప్పుడు గురజాడ ముందుమాటలో ఒక లెక్క ఇచ్చారు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన 1,034 కన్యాశుల్కం పెళ్లిళ్ల లెక్క. పెళ్లికూతుళ్లలో ఏడాది వయసు పసివాళ్లు ముగ్గురున్నారు. ఆ తర్వాత బాల్య వివాహాలను అడ్డుకోవడానికి 1929లో శారదా చట్టం వచ్చింది. 1978లో ఆడపిల్ల పెళ్లి వయసు పద్దెనిమిది అయింది. నాటకం వేశాం, సినిమా తీశాం, విగ్రహాలు పెట్టుకున్నాం. ఆ లెక్క పుస్తకం మాత్రం ఇప్పటికీ మూయలేకపోయాం. నూటపాతికేళ్లు చాలలేదా?

1991లో హైదరాబాద్ నుంచి ఢిల్లీ పోతున్న విమానంలో ఒక పదేళ్ల పాతబస్తీ పిల్ల ఏడుస్తూ కూర్చుంది. పక్కన మొగుడినంటూ అరవై ఏళ్ల సౌదీవాడు. ఎయిర్ హోస్టెస్ అమృతా అహ్లూవాలియా ఆగి ఎందుకు ఏడుస్తున్నావని అడిగింది. ఆమె అడగడంతో విషయం బయటపడి దేశం మొత్తం ఉలిక్కిపడింది. ఆ పిల్ల ఆ సీటుదాకా రావడానికి ఇంట్లోవాళ్లను, పెళ్లి చేసినవాళ్లను, విమానాశ్రయంలో ఎందరో పెద్దలను దాటి వచ్చింది. అడిగింది ఆమె ఒక్కతే. ఆమెకేం అధికారం ఉంది? మీకు లేనిది ఆమెకేముంది?

ఇంకో మాట. గర్భం వచ్చేసిన పిల్లను ఆసుపత్రికి తీసుకుపోతే పోలీసులొస్తారు, పేరు బయటపడుతుంది, పరువు పోతుందని భయపడి నాటువైద్యుడి దగ్గరికి పోతున్నారు. వాళ్లకు ఎవరైనా నిజం చెప్పారా? 2021లో సవరించిన గర్భస్రావ చట్టం ప్రకారం మైనర్ పిల్లకు 24 వారాలదాకా, సంరక్షకుల సమ్మతితో, చట్టబద్ధంగా, డాక్టరు చేతుల మీద గర్భస్రావం చేయించుకునే వీలుంది. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది: పిల్లా, సంరక్షకులూ కోరితే, డాక్టరు పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు, వివరాలు చెప్పనక్కర్లేదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే నాటు మందులకు, దొంగచాటు మాత్రలకు ఎన్ని ప్రాణాలు పోకుండా ఉంటాయి? ప్రతి హాస్టల్ గోడమీదా, ప్రతి జూనియర్ కాలేజీ నోటీసు బోర్డుమీదా ఇది ఎందుకు లేదు? ఎప్‌సెట్ కీ పెట్టడానికి ఉన్న చోటు దీనికి లేదా?

ఒంటి గురించి పిల్లలకు చెబితే చెడిపోతారని మనం నోరు మూసుకున్నాం. ఫోన్ చెబుతోంది. వాట్సాప్ చెబుతోంది. అబద్ధాలు చెబుతోంది. నిజం చెప్పాల్సిన టీచరు మాత్రం పునరుత్పత్తి పాఠం వచ్చేసరికి ఇంట్లో చదువుకోండని పేజీ తిప్పేస్తోంది. ఇంట్లో ఎవరు చెబుతారు? మీరు చెప్పారా?

కౌమార ఆరోగ్యం కోసం కేంద్రం 2014లోనే రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమ్ మొదలుపెట్టింది. పిల్లలు సిగ్గుపడకుండా వచ్చి అడగడానికి క్లినిక్‌లు ఉండాలన్నది అందులోనే ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇన్ని హాస్టళ్లున్నాయి, ఇన్ని వేల మంది ఆడపిల్లలున్నారు. ఆ క్లినిక్ ఎక్కడుందో వాళ్లలో ఎంతమందికి తెలుసు? కార్పొరేటరు ఎప్పుడైనా అడిగారా? ఎమ్మెల్యే అడిగారా? ఓటు అడగడానికి వచ్చినప్పుడు మీరు అడిగారా?

బాధపడ్డాం అనకండి. బాధపడితే ఆ పిల్ల రక్తం ఒక్క గ్రాము పెరగదు.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. ఫంక్షన్ హాలు ఉన్నవాళ్లు పుట్టిన తేదీ కాయితం చూడనిదే బుకింగ్ తీసుకోకండి. పంతుళ్లు, పాస్టర్లు, ఖాజీలు చూడనిదే పీటల మీద కూర్చోబెట్టకండి. టీచర్లు, వారం రోజులు బడికి రాని ఆడపిల్ల ఇంటికి పోయి తలుపు తట్టండి. మెడికల్ షాపువాళ్లు చీటీ లేనిదే గర్భం పోయే మాత్రలు ముట్టుకోకండి. నర్సమ్మలు, డాక్టర్లు, అత్త చెప్పిన వయసు రాయకండి. పిల్లను పక్కకు పిలిచి అడిగి రాయండి. ఇప్పటికే తల్లి అయిన పిల్ల మీ వీధిలో ఉంటే ముఖం తిప్పుకోకండి. తిందా, మందు వేసుకుందా, మళ్లీ బడికి పోతుందా అని అడగండి.

అడిగితే గొడవలొస్తాయా? రానివ్వండి. పోక్సో చట్టం కింద నిజాయితీగా సమాచారం ఇచ్చినవాళ్ల మీద ఏ కేసూ నిలవదని అదే చట్టంలో రాసి ఉంది. పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098. పైసా ఖర్చు లేదు. పగలూ రాత్రీ ఎత్తుతారు.

ఈ నెలలోనూ మీకో పెళ్లి కార్డు వస్తుంది. పెళ్లికూతురి పేరు చూడగానే ఆ పిల్ల ఏ క్లాసు చదువుతోందో మీకు గుర్తొస్తుంది. అప్పుడు చీర ఏది కట్టుకోవాలా అని ఆలోచించకండి. ఫోన్ తీసి 1098 కొట్టండి. కొట్టకపోతే, రేపు ఆ పిల్లకు ఏం జరిగినా ఆ పాపంలో మీ వాటా మీదే.