పెరటి గ్లాసు



మొన్నమొన్నటివఱకు మా పెరటి చూరున నొక సత్తుగ్లాసు వ్రేలాడుచుండెడిది. నాటు వేయవచ్చిన కూలితల్లులకు మంచినీరైనను, తేనీరైనను దానితోనే యిచ్చుట మా యత్తగారినాటి యాచారము. దానిని తీసివైచితిని. ఇందులకు కారణము దూరదేశపు భోజనశాల యనిన మీరు నవ్వుదురేమో! వినుడు.

1971వ సంవత్సరము జూన్ 14వ తేదీన లండను నగరమున ఐజాక్ టిగ్రెట్, పీటర్ మోర్టన్ అను నిరువు రమెరికా యువకులు ‘హార్డ్ రాక్ కెఫే’ యను భోజనశాలను తెఱచిరి. గుండ్రని రొట్టెల నడుమ మాంసము నుంచిన హాంబర్గరులును, బిగ్గరగా మ్రోగు సంగీతమును నచ్చటి ప్రత్యేకతలు. ఆ తిండి మనకు రుచింపకపోవచ్చును. కాని తరగతి భేదములు మెండుగానున్న యా నగరమున, ధనికుడును కూలివాడును ఒక్కచోటనే కూర్చుండి తినవలెనని టిగ్రెట్ తలంచెను. అందఱను ప్రేమింపుము, అందఱకు సేవచేయుము అను శ్రీ సత్యసాయిబాబాగారి బోధయే యా భోజనశాలకు సూక్తి యయ్యెను.

1988లో టిగ్రెట్ తన భాగమును విక్రయించి, వచ్చిన ధనములో పెద్దమొత్తమును పుట్టపర్తిలో వైద్యశాల కట్టుటకు సమర్పించెను. మన యోరుగల్లు సీమయందలి లక్నేపల్లిలో జన్మించిన నాటి ప్రధానమంత్రి పి.వి. నరసింహారావుగారు 1991 నవంబరు 22న దానిని ప్రారంభించిరి. గుండెకు శస్త్రచికిత్స చేసినను రోగియొద్ద పైకము గొనకుండుట దాని నియమము. లండనులో తినినవారి రూకలు కఱవుసీమలో బీదల గుండెలకు మందైనవి.

ఈ వృత్తాంతమును మావారు బడిపిల్లలకు చెప్పుటకై చదువుకొనుచుండగా వంటయింటినుండి వింటిని. ‘అందఱకు’ అను మాటకడ నా చేయి యాగినది. చేతిలోనున్నది ఆ పెరటి గ్లాసే! అన్నపూర్ణను కొలుచు మనము, వంగి వరి నాటిన చేతికి వేఱు పాత్ర నిచ్చుచున్నామే!

మఱునాడు మేము త్రాగు గ్లాసులతోనే వారందఱకును తేనీరిచ్చితిని. వారిలో నొక ముసలమ్మ చేయి చాపక, చూరువైపు చూచి, “అమ్మా, మా గిలాస ఏది?” అని యడిగినది. “ఇదే నమ్మా” యని యామె చేతిలో పెట్టితిని. ఆమె త్రాగినది గాని, నేను తలయెత్తి చూడలేకపోతిని. ఇన్నేండ్లు మేము చేసిన దానిని ఆమె తన వంతుగా నమ్మినది గదా!

సోదరీమణులారా, ఈ పుటను మూయుటకు ముందు మీ పెరటి చూరు నొకసారి చూచి రండు.