యూనిఫాం ఇస్తారు, పట్టా ఇవ్వరు

"అడవి బిడ్డలకు అడవి తెలుసు, అడవిల యుద్ధానికి వాళ్లే సరి." మన పిల్లలను పొగిడినట్టు వినిపించే ఈ లెక్క పాతది. మలయా అడవుల్లో తెల్లదొరలు అమలు చేసిందే.

1948లో బ్రిటిష్ సైన్యం జొహోర్‌లో అడవి యుద్ధం నేర్పే బడి పెట్టింది. గెరిల్లాలకు తిండి అందొద్దని అక్కడి ఆదివాసులైన ఒరాంగ్ అస్లీలను అడవిలోంచి శిబిరాల్లోకి తోలింది. రోగాలతో ఎంతోమంది చనిపోయారు. తర్వాత 1956లో వాళ్ల పిల్లలతోనే 'సెనోయ్ ప్రాక్' అనే దళం కట్టారు. మరి భూమి? 1995లో ఎయిర్‌పోర్టు రోడ్డు కోసం తెమువాన్ ఆదివాసులను ఖాళీ చేయించారు. ఆదివాసులు చేసిన కొలువు ఆ భూమిని కాపాడలేదు. 2002లో హైకోర్టులో గెలిచింది కేసు వేసి కొట్లాడిన ఊరోళ్లే.

మన దగ్గర? 1948 సెప్టెంబర్ తర్వాత మేళ్లచెరువు, హుజూర్‌నగర్ వైపు సైన్యం దిగింది. దళాలు అడవులకు పోయాయి. శిక్ష మాత్రం గోదావరి అడవుల్లోని కోయగూడేలకు పడింది. గూడేలను ఖాళీ చేయించి శిబిరాల్లో పెట్టారని సుందరయ్య రాసిండు.

1989లో ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ గ్రేహౌండ్స్‌ను నిలబెట్టారు. దేశానికే నమూనా అన్నారు. 2007 ఆగస్టు 20న వాకపల్లిలో ఆ బలగంవాళ్లు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు మహిళలు ఫిర్యాదు చేశారు. 2023లో విశాఖ కోర్టు పోలీసులను నిర్దోషులుగా వదిలింది. దర్యాప్తు సరిగ్గా జరగలేదని అదే కోర్టు చెప్పింది, మహిళలకు పరిహారం ఇవ్వమంది. అడవిలో నడవడం అంత బాగా నేర్పిన సర్కారుకు, ఒక కేసు దర్యాప్తు చేయడం చేతకాలేదా?

కానిస్టేబుల్ మన శత్రువు కాదు. 2008లో బలిమెల నీళ్లలో పోయిన 38 మందీ తల్లుల బిడ్డలే. మావోయిస్టులు ఇన్‌ఫార్మర్ పేరుతో చంపిన ఆదివాసులూ మనోళ్లే. అందుకే అడుగుతున్నం: రెండు దిక్కులా మన పిల్లలనే ఎందుకు ముందు నిలబెడుతున్నరు? ఛత్తీస్‌గఢ్‌లో ఆదివాసీ యువకులను ఎస్పీవోలుగా యుద్ధానికి దించడం రాజ్యాంగ విరుద్ధమని 2011లో సుప్రీంకోర్టు, జస్టిస్ సుదర్శన్ రెడ్డి ఉన్న ధర్మాసనం, తేల్చింది.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! కొలువు కావాలె, తప్పు లేదు. టీచర్ కొలువు, నర్సు కొలువు, ఫారెస్టు కొలువు కూడా అడగాలె. దళంల చేరమని వచ్చినోణ్ని ముందు ఒక్కటే అడుగుండ్రి: 2006 చట్టం కింద మా పోడు పట్టా ఏది?

జోహార్!